నాలుగు వరుసల రాయి కోసం సర్ బనీ యాస్ ద్వీపానికి

ఈ ప్రయాణానికి మూలం ఒక వాట్సాప్ ఫార్వర్డ్. అబుదాబీకి పడమర సముద్రంలో సర్ బనీ యాస్ అనే ద్వీపం ఉంది. అక్కడి పాత క్రైస్తవ మఠం శిథిలాల్లో సున్నపు పలక మీద అచ్చుపోసిన శిలువ ఒకటి తవ్వకాల్లో బయటపడిందని ఈమధ్య పేపర్లలో వచ్చింది. వాట్సాప్‌లోకి దిగేసరికి అది కాస్తా "పద్నాలుగు వందల ఏళ్ళ నాటి సమాధి రాయి" అయి కూర్చుంది. రత్నక్క ఆ బొమ్మ నాకు పంపి, నేను చూశానో లేదో కూడా కనుక్కోకుండా ఫోన్ చేసింది. "అమ్మాయ్ సునీతా, దీని మీద ఏం రాసుందో నువ్వు చదివి చెప్పాలి. మా అబ్బులు రాయి మీద కూడా అదే రాయిద్దాం" అంది. దాని మీద అక్షరం ముక్క లేదని నాకు కనిపిస్తూనే ఉంది. కానీ రాసిన రాయి అనే మాట వింటే నా కాలు ఇంట్లో నిలవదు. పలక మీద లేకపోతే ఆ మఠంలో ఇంకెక్కడైనా ఉండొచ్చు కదా అనిపించింది. సరే, వెళ్ళి చూసొద్దాం అన్నాను.

రత్నక్క అసలు పేరు రత్నమ్మ, రాజోలు వైపు మనిషి. అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. నేను అల్ ఐన్ క్లినిక్‌లో ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చునే రోజుల్లో ఆ ఇంటి పెద్దావిడను చక్రాల కుర్చీలో తీసుకొచ్చేది. నాది పాలకొల్లు అని తెలిసిన మరుక్షణం నుంచి నాకు అక్క అయిపోయింది. తర్వాత నన్ను అబుదాబీకి మార్చినా ఆ వరస అలాగే ఉండిపోయింది. ఆమె తమ్ముడు అబ్రహాం, ఇంట్లో పిలిచే పేరు అబ్బులు, అబుదాబీ శివారు ఫ్యాక్టరీల పేట ముసఫ్ఫాలో వెల్డింగు పని చేసేవాడు. కోవిడ్ రెండో ఏడాది పోయాడు. శవాన్ని ఇంటికి పంపే దారి లేని రోజులవి. ఊరి చివర క్రైస్తవుల శ్మశానంలో ఇక్కడే మట్టి చేశారు. అప్పటి నుంచి ప్రతి ఈస్టర్ తెల్లవారుజామునా, ప్రతి నవంబర్ సమాధుల పండక్కీ రత్నక్క అల్ ఐన్ నుంచి బస్సెక్కి వచ్చి, ఆ మట్టి చదును చేసి, చీపురుతో ఊడ్చి, కాసేపు పక్కన కూర్చుని వెళ్ళేది. అక్కడ ఉన్న గుర్తల్లా నంబరు వేసిన ఒక రేకు ముక్క.

ఇప్పుడు ఆ పెద్దావిడ లేదు. రత్నక్క కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, ఆమెను మార్చిలో మంచిగా పంపించేస్తానన్నాడు, ఆమె కూడా ఇక చాలనుకుంది. ఆమె వెళ్ళిపోతే అబ్బులు వాళ్ళ మనిషంటూ ఈ దేశంలో ఒక్కరూ ఉండరు. అందుకే వెళ్ళేలోపు రాయి పెట్టించాలని పట్టుబట్టింది. ఆ శ్మశానంలో అందరి రాళ్ళకూ ఒకటే కొలత. ముసఫ్ఫాలో పాలరాయి చెక్కే దుకాణం వాడు నాలుగు వరుసల కంటే ఎక్కువ పట్టవని తేల్చేశాడు. పేరు, పుట్టిన తేదీ పోయిన తేదీ, ఒక వాక్యం, కింద "కట్టించినది: అక్క రత్నమ్మ" అని ఆమె లెక్క. ఆ మాట ఇంటికి చెప్పగానే అబ్బులు భార్య మణి ఎదురు తిరిగింది. తన పేరూ, ముగ్గురు పిల్లల పేర్లూ ఉండాల్సిందేనంది. "నాలుగేళ్ళూ వచ్చి ఊడ్చింది నేను, పేర్లు మాత్రం వాళ్ళవా?" అని రత్నక్క మండిపడింది. వదినా మరదళ్ళ మధ్య మాటలు ఆగిపోయి, దుకాణంలో ఖాళీ పలక అలా పడి ఉంది.

ఇది చదివే గోదావరి వాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మన వైపు క్రైస్తవుల సమాధులు చూసినవాళ్ళకి తెలుసు. ఏడాది తిరిగాక సమాధికి తెల్లగుడ్డ కప్పి, పాస్టరుగారితో రిబ్బను కత్తిరింపించి, ఊరందరికీ భోజనాలు పెట్టి ఆవిష్కరణ చేస్తారు. గుడ్డ తీస్తే పోయినాయన పేరు ఒక వరుస, కట్టించినవాళ్ళ పేర్లు ఆరు వరుసలు. అల్లుడిగారి డిగ్రీలతో సహా. ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు రాయించే జాతి మనది, రాయి దొరికితే ఊరుకుంటామా అని నేను చాలాసార్లు ఎగతాళి చేశాను. కానీ ఈ పిచ్చి మన ఒక్కళ్ళది కాదని ఈ ప్రయాణానికి ముందు చదువుకుంటుంటే తెలిసింది. ఐర్లండులో దాదాపు ఇదే కాలం నాటి శిలువ పలకలున్నాయి. వాటి మీద గొప్పలేమీ ఉండవు. "ఫలానా వాడి కోసం ఒక ప్రార్థన", అంతే. అయితే కొన్నిటి మీద ఆ రాయి చేయించినవాడు కూడా, నా కోసమూ ఒక ప్రార్థన చెయ్యండయ్యా అని తన పేరు దూర్చేశాడు. వాళ్ళూ తక్కువ తినలేదన్నమాట.

మేం వెళ్ళింది డిసెంబర్ సెలవుల్లో. రత్నక్క ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే చీకటి ఉండగా రాజన్న కారు తెచ్చాడు. రాజన్నది జగిత్యాల వైపు పల్లెటూరు. ముసఫ్ఫాలో గ్యారేజీ మెకానిక్కు. ఒకప్పుడు లేబర్ క్యాంపులో అబ్బులూ అతనూ ఒకే గదిలో ఉండేవారు. సొంత కారు లేనివాళ్ళు అబుదాబీ బస్టాండులో రువైస్ వైపు వెళ్ళే బస్సు ఎక్కొచ్చు, టికెట్టు నలభై దిర్హాముల లోపే. రువైస్ నుంచి పడవల రేవు ఉన్న జబల్ దన్నాకు టాక్సీ చేసుకోవాలి. అయితే బస్సు దారి పొడుగునా ఆగుతుంది, పొద్దుటి పడవ అందడం కష్టం. కారులో అయితే ముసఫ్ఫా దాటి పడమటి హైవే పట్టుకుంటే ఇక మలుపు లేదు, రెండున్నర గంటల దారి. ఒక పక్క ఉప్పు పేరుకున్న తెల్లటి నేల, ఇంకో పక్క కరెంటు టవర్లు, మధ్యలో సౌదీ వైపు వెళ్ళే లారీలు. అందం కోసం చూసేవాళ్ళు ఈ రెండున్నర గంటలూ నిద్రపోవచ్చు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి పరాటాలు తిన్నాం, కరక్ చాయ్ తాగాం. రాజన్నకు ఈ ప్రయాణం ఎందుకో ఇంకా బుర్రకెక్కలేదు. "ఏందక్కా, గింత దూరం పోయి కూలిపోయిన గోడలు చూసుడా? మా దిక్కు కాలవెట్టి, బూడిద గోదాట్ల కలిపితే ఖలాస్. రాయి లేదు, గీయి లేదు" అన్నాడు.

"మీకు గోదారుంది కాబట్టి సరిపోయింది రాజన్నా. ఆడికిక్కడ ఇసకే కదా ఉంది" అంది రత్నక్క.

రాజన్న నాలుక కరుచుకున్నాడు. గ్లాసు కింద పెట్టి, "అబ్బులన్న చేపల పులుసు వెడితే క్యాంపు మొత్తం మా రూం కాడ్నే నిలవడుతుండె అక్కా. గిన్నె కడుగుడు మాత్రం నాదే" అన్నాడు. రత్నక్క నవ్వింది. "ఇంటికాడ ఒక్కరోజు గరిట పట్టుకోలేదు ఎదవ" అని చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

జబల్ దన్నా రేవులో మా పేర్లు చూసుకుని పడవ ఎక్కించారు. ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఈ ద్వీపంలోకి మనంతట మనం వెళ్ళి దిగలేం. అక్కడ హోటళ్ళున్నాయి, వన్యప్రాణుల కోసం వదిలిన అడవి ఉంది. గది తీసుకునైనా, ఏజెంటు ద్వారా ఒక పగటి సందర్శన కట్టుకునైనా వెళ్ళాలి. మేం రెండోది చేశాం. పడవ, బండి, గైడు, మధ్యాహ్నం భోజనం అన్నీ అందులోనే. చవక మాత్రం కాదు. అరగంటలోపే అవతలి ఒడ్డుకు చేరాం. ద్వీపం అంటే బోడి దిబ్బ ఉంటుందనుకున్నాను, తీరా చూస్తే వరుసల్లో నాటిన చెట్లు, వాటి కింద గుంపులు గుంపులుగా జింకలు. రాజన్న బండి కిటికీలోంచి సగం బయటికి వేలాడి, "అరె, గీ ఎడారిల జిరాఫీ గూడనా! యల్లా, ఫోటో దియ్ అక్కా!" అని అరిచాడు. అప్పటిదాకా గోడలు చూసుడా అన్న మనిషి ఆ తర్వాత ఒక్క మాట సణగలేదు.

మా గైడు ప్రకాశ్ నేపాల్ అతను. హిందీ బాగా మాట్లాడతాడు కాబట్టి రత్నక్కకు నేను మధ్యవర్తిని కావలసిన పని తప్పింది. మఠం ద్వీపానికి తూర్పు వైపు ఉంది. పైన నీడ కోసం కప్పు, నడవడానికి దారి, చదువుకోవడానికి బోర్డులు, అన్నీ పద్ధతిగా పెట్టారు. గోడలు మోకాళ్ళ ఎత్తున మిగిలాయి. మధ్యలో చర్చి, తూర్పున బలిపీఠం ఉన్న చోటు, చుట్టూ సన్యాసుల గదులు. గదులంటే మన పాత ఇళ్ళలో సామాన్ల కొట్టంత. కొందరు మఠానికి కాస్త దూరంగా చిన్న చిన్న ఇళ్ళలో ఒంటరిగా ఉండి ప్రార్థన చేసుకునేవారట. చేపలు తినేవారట, మేకల్ని పెంచేవారట. ఇరాక్ నుంచీ మన దేశం నుంచీ వచ్చిన సరుకుల ఆనవాళ్ళు కూడా దొరికాయని ప్రకాశ్ చెబుతుంటే, అప్పుడే మనవాళ్ళు ఇక్కడికి ఏదో ఒకటి అమ్మేసుకుంటున్నారన్నమాట అని నాకు భలే సంబరమేసింది.

రత్నక్కకు ఆ కబుర్లేవీ పట్టలేదు. ప్రతి గోడ దగ్గరా వంగి చూస్తోంది. చివరికి ఉండబట్టలేక, "భాయ్, నామ్ కహా లిఖా హై?" అని, పేరెక్కడ రాసి ఉందో అడిగింది.

"నామ్ నహీ హై దీదీ" అన్నాడు ప్రకాశ్. సున్నంలో అచ్చుపోసిన శిలువలు దొరికాయి, ద్రాక్షతీగల్లాంటి నగిషీలు దొరికాయి, కానీ ఇక్కడ ఉన్నవాడి పేరు ఇది అని చెప్పే రాయి తనకు తెలిసి ఒక్కటీ లేదన్నాడు. మేం ఏ పలక కోసం వచ్చామో అదీ అక్కడ లేదు. తవ్వి తీసిన వస్తువుల్ని అబుదాబీలో భద్రపరుస్తారట. పైగా అది సమాధి రాయి కూడా కాదనీ, గదిలో పెట్టుకుని దాని ముందు మోకరించేవారని పండితుల ఊహ అనీ చెప్పాడు. నాకు నీరసం వచ్చింది. ఇంత దూరం వచ్చి ఒక్క అక్షరం చదవకుండా పోవడమా అని బోర్డులన్నీ మళ్ళీ మొదటి నుంచీ చదివాను. పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, గోడ రాళ్ళ మీది గీతలను కూడా ఫోటోలు తీసుకున్నాను.

రత్నక్క ఒక చిన్న గది బయట నిలబడిపోయింది. పక్కకి వెళ్ళి, అలిసిపోయావా అక్కా అన్నాను.

"లేదమ్మాయ్. ఇంత గుడి కట్టారు, ఇన్నేళ్ళున్నారు. ఒక్కడి పేరన్నా లేదేంటి?" అంది.

"అన్నీ వదిలేసుకుని వచ్చినవాళ్ళు కదక్కా. పేరు కూడా వద్దనుకున్నారేమో."

"ఆళ్ళు వద్దనుకుంటారు, బానే ఉంది. ఇంటికాడ ఆళ్ళ తల్లులుంటారు కదా? అక్కచెల్లెళ్ళుంటారు కదా? కొడుకు ఏ దీవిలో ఉన్నాడో, బతికున్నాడో పోయాడో తెలీక ఎన్నాళ్ళు ఎదురు చూశారో. ఈడి పేరే లేదంటే, ఆళ్ళ పేర్లు ఇంకెవరికి గుర్తుంటాయి?"

నేను వచ్చినప్పటి నుంచీ పోయినవాళ్ళ అక్షరాల కోసమే వెతుకుతున్నాను. ఇంటి దగ్గర మిగిలినవాళ్ళ సంగతి నాకు తట్టనే లేదు. అక్కడ కొవ్వొత్తి వెలిగించనివ్వరు, వెలిగించకూడదు కూడా. రత్నక్క చెంగు తల మీదికి లాక్కుని, ఆ గది వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. రాజన్న కూడా టోపీ తీసి ఆమె వెనక నిలబడ్డాడు. కళ్ళు తెరిచాక ఆమె నాతో నెమ్మదిగా, "మణి ఏడుపేంటో నేను అడగలేదమ్మాయ్. పోట్లాడేను గానీ అడగలేదు" అంది.

భోజనంలో చేప ఉంది, అన్నం ఉంది, కారం లేదు. రత్నక్క రెండు ముద్దలు తిని వదిలేసింది. తిరుగు పడవ కోసం రేవులో కూర్చున్నప్పుడు మణికి ఫోన్ చేసింది. గాలికి వినపడక స్పీకరు పెట్టింది. అటు నుంచి మణి పొడిగా, "చెప్పండొదినా" అంది.

"మణీ, ఒకటడుగుతాను, నిజం చెప్పు. పేర్లు పేర్లు అని ఎందుకంత పట్టుబట్టేవు? ఊళ్ళో చూసేవాళ్ళు కూడా లేరు కదా అక్కడ?"

మణి గొంతు మారిపోయింది. "ఊళ్ళోవాళ్ళ కోసం కాదొదినా. ఆయన్ని మట్టి చేసేటప్పుడు నేను లేను. పిల్లలు లేరు. ఫోనులో చూపించారు, అదీ సగంలో ఆగిపోయింది. మీరైనా ఎల్లి పక్కన కూచుంటన్నారని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు మీరూ వచ్చేత్తన్నారు. నేనా దేశం రాగలనా? ఆ మట్టి ముట్టుకోగలనా? ఆయన ఒక్కడూ అక్కడ ఉండిపోతాడు. నా పేరన్నా ఉంటే పక్కనున్నట్టుంటదని..."

రత్నక్క ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అటు మణి ఏడుస్తోంది. రాజన్న సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కట్టించినవాళ్ళ పేర్ల మీద నేను వేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎవరి పేరు ఎందుకు రాయించుకుంటున్నారో అడిగి చూసిన పాపాన నేను మాత్రం పోయానా?

పడవ వచ్చేలోపు రాయి సంగతి తేలిపోయింది. మొదటి వరుసలో శిలువ, "అబ్రహాం (అబ్బులు)". రెండో వరుసలో ఊరి పేరు, రాజోలు తాలూకా. మూడో వరుసకు ఐర్లండు రాళ్ళ సంగతి నేను చెబితే ఆమెకు నచ్చింది, "ఇతని కోసం ఒక ప్రార్థన". నాలుగో వరుసలో మణి పేరు, ముగ్గురు పిల్లల పేర్లు.

"తేదీలో?" అన్నాను.

"అవి ఆఫీసోళ్ళ దగ్గరుంటాయిలే. ఎవరైనా మన తెలుగోళ్ళు ఆ దారిన పోతే ఊరు చూసి ఆగుతారు, తేదీ చూసి ఆగుతారా?"

"మరి మీ పేరు అక్కా?"

"నేను నాలుగేళ్ళు కూచున్నాను కదమ్మా ఆడి పక్కన. ఇప్పుడు దాని వంతు" అంది.

పడవ దిగి కారెక్కాక రత్నక్క దారంతా వెనక సీట్లో నిద్రపోయింది. రాజన్న పాట పెట్టకుండా, హారన్ కొట్టకుండా నడిపాడు. చీకటి పడే వేళకు ముసఫ్ఫా చేరాం. నేరుగా రాళ్ళ దుకాణానికే వెళ్ళాం. దుకాణం పాకిస్తానీ అతనిది, తెలుగు రాదు. నేను అక్షరాలు పెద్దగా రాసిచ్చాను. అతను వాటి గుండ్రటి గీతలను వేలితో తడిమి చూసి, ఇన్ని ఒంపులా అని తల పట్టుకున్నాడు. అయినా చక్కగానే చెక్కాడు.

సర్ బనీ యాస్‌లో రాసిన రాయి కోసం వెళ్ళేవాళ్ళు నాలాగే ఉత్త చేతులతో తిరిగొస్తారు. అయినా వెళ్ళండి. ఎక్కడి నుంచో వచ్చి, పని చేసుకుని, ప్రార్థన చేసుకుని, ఈ ఇసకలోనే కలిసిపోయినవాళ్ళు మనకంటే ముందు కూడా ఉన్నారని ఆ మోకాలెత్తు గోడల మధ్య నిలబడితే తెలుస్తుంది. దుబాయ్ వచ్చిన ప్రతివాడి వెనకా వాడి పక్కన కూర్చోలేని మనిషి ఒకరు ఇంటి దగ్గర ఉంటారు. రాళ్ళు చదవడమే గొప్ప అనుకునే నాకు, చదవడానికి ఏమీ లేని చోట ఆ సంగతి అర్థమైంది. ఇక నేనిచ్చే సలహా ఒకటే. పడవ వేళలూ సందర్శన నియమాలూ మారుతుంటాయి, వేసవిలో ఆ ఎండ భరించలేం. కాబట్టి చలికాలంలో, బయలుదేరే ముందురోజు మరోసారి ఫోన్ చేసి బుకింగ్ ఖాయం చేసుకుని, ఎమిరేట్స్ ఐడీ జేబులో పెట్టుకుని మరీ కదలండి.

రాయి పెట్టిన రోజు నేనూ రాజన్నా కూడా వెళ్ళాం. పాస్టరుగారు లేరు, రిబ్బను లేదు, భోజనాలు లేవు. తెల్లగుడ్డ మాత్రం రత్నక్క తెచ్చింది. మణికి వీడియో కాల్ చేసి, నేను ఫోన్ పట్టుకుంటే రత్నక్క గుడ్డ తీసింది. మణి కొంచెం కిందికి చూపించమంది. ఇంకొంచెం దగ్గరికి అంది. నాలుగో వరుస తెర నిండా కనిపించేదాకా జరిపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వచ్చేశానండీ" అంది. ఆ మాట వదినతో కాదు, ఆయనతో.